టర్బోగారి సంజాయిషీ

గెడ్డవలసలో ఎవరినడిగినా ఈ సంగతి చెబుతారు. కాకపోతే తలో చెయ్యీ వేసి చెబుతారు. ఏ చెయ్యీ వెయ్యకుండా, జరిగింది జరిగినట్టు చెప్పుకుంటే ఇదిగో, ఇలా ఉంటుంది.

కొండ చింతపండు సేకరణ, సంరక్షణ, సంవర్ధన సంస్థ అని ఒకటుంది. ఆ సంస్థకి గెడ్డవలసలో ఒక ఆఫీసు, ఆ ఆఫీసుకి ఒక కారు, ఆ కారుకి తవిటయ్య అని ఒక డ్రైవరు. కారు డీజిలుది, ముసలిది. ఎంత ముసలిదంటే, దాని హారను మోగితే ఊళ్ళో పెద్దవాళ్ళు చిన్నతనం గుర్తొచ్చి కళ్ళొత్తుకునేవాళ్ళు. కానీ కొండదారి ఘాటీ ఎక్కడంలో మాత్రం పడుచుపిల్లే. ఆ గొప్పంతా టర్బోది. నత్తగుల్ల ఆకారంలో ఇంజను పక్కన అంటుకుని ఉంటుంది. ఇంజను వదిలేసిన పొగతోనే గిర్రున తిరిగి, బయటి గాలిని మళ్ళీ ఇంజనులోకి దట్టిస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు సన్నగా విజిల్ వేస్తుంది. ఆ విజిల్ వినబడితే, కొనేవాళ్ళొచ్చారని కొండమీద సంతలో జనం చింతపండు బుట్టలు నెత్తికెత్తుకునేవాళ్ళు. అక్కడి గోరింకలు కూడా ఆ విజిల్ నేర్చేసుకుని, సంత లేని రోజుల్లో కూడా జనం చేత బుట్టలెత్తించేసేవి.

అలాంటిది, శ్రావణంలో ఒకరోజు మేనేజరు పరాంకుశంగారు వెనక సీట్లో కూర్చుని ఉండగా, ఘాటీలో రెండో మలుపు దగ్గర ఆ విజిల్ కీచుమని అరిచి ఆగిపోయింది. వెనకనుంచి నీలంగా పొగ లేచింది. కారు నడక కాస్తా పాకుడయింది. మేకలు పక్కనుంచి దాటిపోయాయి. చీపుళ్ళ మోపుతో నడిచి వస్తున్న ముసలమ్మ ఒకావిడ కారుతో సమానంగా కాసేపు నడిచి, కిటికీలోకి తొంగి చూసింది.

"బాబూ, మీదికెల్తన్నారా, కిందికెల్తన్నారా?" అనడిగింది.

పరాంకుశంగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "తవిటయ్యా, వాహనం యొక్క ఊర్ధ్వగమనంలో అలసత్వం గోచరిస్తున్నది. కారణం నివేదించు."

"ఊపిరి సాలట్నేదు బాబూ."

"ఎవరికి?"

"బండికి బాబూ."

బండిని వెనక్కి దింపి మెకానిక్కు బాబ్జీ షెడ్డుకి తీసుకెళ్ళారు. బాబ్జీ గొట్టాలు విప్పి, టర్బోలో వేలు పెట్టి ఆడించాడు.

"ఇటు సూడు బావా. ఇరుసు వదులైపోనాది. పళ్ళూడిపోయినోల్ల నోట్లో నాలిక్కి మల్లే ఎలాగాడతందో సూడు. ఆయిలంతా తాగీసి పొగెట్టీసింది."

"మరెందుకలాగయింది?"

"దీనికి ఆయిలొచ్చే సన్నగొట్టం మడ్డికట్టీసి మూసుకుపోనాది. బండికి ఆయిలు మార్చి ఎన్నాల్లయింది?"

"ఆఫీసోల్లు ఫైలెట్టినారు."

"ఫైలెడితే టర్బో తిరగదు బావా. ఆ గొట్టం మార్చి, ఆయిలు మార్చి, కొత్త టర్బో ఎయ్యాల. పూటలో పని."

పూటలో పని అన్నమాట విని తవిటయ్య నవ్వుకుంటూ ఆఫీసుకెళ్ళాడు. వెళ్ళినవాడు ఇక చాలాకాలం నవ్వలేదు.

ఎందుకంటే ఆ ఏడు సంస్థలో వస్తుగౌరవ విధానం వచ్చింది. హెడ్డాఫీసులో పెద్దాయన ఒకరు ఏదో చల్లటి ఊళ్ళో శిక్షణ శిబిరానికి వెళ్ళి, మనసు కరిగిపోయి తిరిగొచ్చారు. "ఏడాదికోసారి ఆయుధపూజ చేస్తాం. యంత్రానికి బొట్టు పెడతాం, దండ వేస్తాం. పాడైపోయిందంటే తుక్కులో పారేస్తాం. బొట్టు పెట్టిన చేత్తో పారెయ్యడమేనా మన సంస్కారం?" అని సభలో మాట్లాడారు. మర్నాటికి ఉత్తర్వు వచ్చేసింది. ఆయుధపూజ నాడు బొట్టు పెట్టించుకున్న ప్రతి వస్తువూ, ఆ వస్తువులో ప్రతి భాగమూ, సంస్థ ఉద్యోగితో సమానం. సంజాయిషీ అడగకుండా, విచారణ జరపకుండా దేన్నీ తీసెయ్యడానికి వీల్లేదు. పిలిచేటప్పుడు గారు అనాలి.

అప్పటినుంచి గెడ్డవలస ఆఫీసులో చలికాలం వస్తే ఫ్యానుగారు సెలవు మీద ఉండేవారు. కాలు విరిగిన కుర్చీగారు వైద్య కారణాల మీద గోడకి ఆనుకుని ఉండేవారు. టైపు మిషనుగారి మీద కంప్యూటరుగారు సీనియారిటీ దావా వేశారని కూడా చెప్పుకునేవాళ్ళు. ఇది మాత్రం కొంచెం పెంచి చెప్పినదే.

ఇందులో తమాషా ఏమిటంటే, తవిటయ్యకి ఆ విధానం వర్తించదు. అతను అవుట్‌సోర్సింగు. అతనికి ఎవరూ ఎప్పుడూ బొట్టు పెట్టలేదు. బండి లేని డ్రైవరు మిగులు సిబ్బంది కింద లెక్క. దసరాకల్లా బండి ఘాటీ ఎక్కకపోతే అతన్ని ఒక్క వాక్యంతో సముద్రపు ఒడ్డున గోడౌనుకి పంపేస్తారు. ఆ గోడౌనులో చింతపండు ఎప్పుడో అయిపోయింది, కోతులు మిగిలాయి. పోనివాడు ఇంటికి పోవచ్చు. గోడౌనుకి పోతే తవిటయ్య ఒక్కడూ పోవాలి, ఎందుకంటే అతని పెళ్ళాం నూకాలుకి ఆఫీసు గేటు పక్కనే పెసరట్ల బడ్డీ ఉంది. ఆ బడ్డీ వదిలి ఆవిడ కదలదు. ఆవిణ్ణి వదిలి ఇతను ఉండలేడు. ఆ సంగతి ఆవిడకి తప్ప ఊరందరికీ చెప్పాడు.

ఆఫీసులో సూపర్నెంటు కూర్మనాథంగారు టర్బో సంగతంతా విని, కళ్ళు మూసుకుని, రూలు తలుచుకుని, కళ్ళు తెరిచారు.

"కొత్త టర్బో అంటున్నావు. కొత్తవారు చేరాలంటే ఖాళీ ఉండాలి. ఖాళీ ఉండాలంటే పాతవారు పోవాలి. పాతవారు పోవాలంటే వారి మీద అభియోగం రుజువు కావాలి. సదరు టర్బోచార్జరుగారికి ముందుగా సంజాయిషీ నోటీసు."

"అది ఇనుము బాబూ."

"క్రిందటి దసరాకి బొట్టు పెట్టారా, లేదా?"

"ఎట్టినారు. పంతులుగారు బానెట్టెత్తించి మరీ ఎట్టినారు."

"అయితే ఇనుము కాదు. ఉద్యోగి."

నోటీసు తెచ్చి టర్బోకి అంటించారు. గడువు పూర్తయినా జవాబు రాలేదు. ఇంకొక అవకాశం ఇచ్చారు. దానికీ రాలేదు. ఉద్యోగి మొండిఘటమని ఆఫీసులో పేరు పడింది. చివరికి విచారణ జరపడానికి హెడ్డాఫీసు నుంచి చలమాజీరావుగారని ఒక అధికారి దిగారు.

విచారణ రోజు టర్బోని ఊడదీసి, తుడిచి, ఇత్తడి పళ్ళెంలో పెట్టి, మెత్త వేసిన కుర్చీ మీద కూర్చోబెట్టారు. ఆరోపిత ఉద్యోగికి తనతో పనిచేసినవారొకరిని సహాయకుడిగా ఇవ్వాలని రూలుంది. టర్బోతో పాటు పనిచేసినవాడు తవిటయ్య కాబట్టి, దాని తరపున మాట్లాడే పని తవిటయ్య మీద పడింది.

తవిటయ్య ముందురోజే ఒక ఎత్తు వేసుకున్నాడు. ఏమీ మాట్లాడకూడదు. తను మాట్లాడకపోతే నేరం రుజువవుతుంది. నేరం రుజువైతే టర్బోని తీసేస్తారు. తీసేస్తే కొత్తది వస్తుంది, బండి ఘాటీ ఎక్కుతుంది, తను నూకాలు పెసరట్లు తింటూ ఇక్కడే ఉంటాడు.

"ఆరోపిత ఉద్యోగి పేరు?" అన్నారు చలమాజీరావుగారు.

టర్బో పలకలేదు.

"ఆరోపిత ఉద్యోగి వినయపూర్వకంగా మౌనం వహించారు అని రాసుకోండి. ఇక అభియోగాలు. ఒకటి, పై అధికారి వాహనంలో ఆసీనులై ఉండగా, ఘాటీ మలుపు వద్ద, ముందస్తు అనుమతి లేకుండా విధుల నుండి విరమించుట. రెండు, బహిరంగ ప్రదేశంలో పొగ వదులుట. మూడు, సంస్థకు చెందిన ఆయిలును రహస్యంగా సేవించుట. సహాయకుడు ఏమైనా చెప్పుకునేదుందా?"

మొదటిదానికి తవిటయ్య పెదవి బిగబట్టాడు. రెండోదానికి నేల చూశాడు. మూడోది వినేసరికి చెవులు ఎర్రబడ్డాయి.

"సూడు బాబూ, తాగుబోతంటే మాత్రం నానొప్పుకోను."

"సహాయకుడు వివరంగా చెప్పవచ్చు."

ఇక అతనికి తను వేసుకున్న ఎత్తు గుర్తు లేదు. "ఇన్నేల్లుగా ఈ ఘాటీ ఎక్కించిందెవులు? ఇదే. పొగ తిని గాలి పెట్టింది. అంత పని సేసినదానికి గుక్కెడు మంచాయిలు పొయ్యమంటే పోసినారా? గొట్టం మడ్డికట్టీసి గొంతు పట్టీసింది. గొంతారిపోయి, ఇరుసరిగిపోయి, ఇంక నావల్ల కాదని మలుపుకాడ పడిపోనాది. అప్పుడైనా మేనేజరు బాబుని లోయలో పడెయ్యనేదు, నెమ్మదిగా నిలబెట్టింది. దాన్నట్టుకుని తాగిందంతారా? ఆకలేసినోడు నోట్లో పడ్డది మింగితే దొంగతనమా?"

బాబ్జీ ముక్కు ఎగబీల్చాడు. మేనేజరు పరాంకుశంగారు, తను లోయలో పడి ఉండేవాణ్ణన్న సంగతి అప్పుడే తట్టి, టర్బో వైపు మొదటిసారి మర్యాదగా చూశారు. చలమాజీరావుగారు జేబురుమాలుతో కళ్ళజోడు తుడుచుకుని, తీర్పు చెప్పారు.

"అభియోగాలు రుజువు కాలేదు. సదరు టర్బోచార్జరుగారు నిర్దోషి. పైపెచ్చు బాధితులు."

అందరూ చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా తవిటయ్యే కొట్టాడు.

"కావున వారిని సగౌరవంగా, తక్షణమే, పూర్వపు స్థానంలో పునర్నియమించవలెను."

తవిటయ్య చేతులు గాల్లోనే ఆగిపోయాయి. "అంటే ఏటి బాబూ?"

"అంటే ఇరుసు అరిగినవారిని అదే చోట తిరిగి బిగించవలెను."

మరి ఆయిలు మార్చకపోవడం ఎవరి తప్పు అన్న ప్రశ్న వచ్చింది. కూర్మనాథంగారు బల్ల అంచు పట్టుకున్నారు. కానీ ఆయిలు ఫైలుకి కూడా క్రిందటి దసరాకి బొట్టు పెట్టి ఉండటంతో, తప్పు ఫైలుగారిదేనని తేలి, వారికి నోటీసు వెళ్ళింది. కూర్మనాథంగారు బల్ల అంచు వదిలేశారు.

బాబ్జీ ఏడుపు మొహంతో పాత టర్బోనే బిగించాడు. బండి కదిలితే చాలు, వీధి వీధంతా పొగ. ఒక్క లాభం మాత్రం జరిగింది. గెడ్డవలసలో దోమలన్నవి లేకుండా పోయాయి. సాయంత్రం పూట బండిని మా వీధికి పంపండంటే మా వీధికని జనం అర్జీలు పెట్టుకున్నారు. ఘాటీ మాత్రం ఎక్కలేదు. కొండమీద గోరింకలు విజిల్ వేసి వేసి విసిగిపోయి పాత కూతలకి దిగాయి.

దసరా దగ్గరపడింది. తవిటయ్య బడ్డీ దగ్గర బల్ల మీద కూలబడ్డాడు. నూకాలు పెనం మీద నీళ్ళు చిలకరించింది.

"ఏటి మావా, ప్లీడరుగోరు దిగాలడిపోనారు?"

"ఎగతాలి సెయ్యకే."

"నోరు మూసుకుని కూకుంటే గెలిసీసీవోడివి. నోరిప్పి గెలిసినావు. ఊర్లో ఇంకొకడెవడైనా ఉన్నాడేటి, కేసు గెలిసి కోతులకాడికెల్లేవోడు?"

"దాన్ని తాగుబోతన్నారే."

"తెల్సులే." పెసరట్టు తిరగేసింది. "నీకు సెప్పనా. పన్సెయ్యనోడ్ని మీ ఆఫీసులో ఎప్పుడైనా తీసీసినారేటి? పైకి పంపీసినారు గదా. ఆ లెక్కన నీ టర్బోని కూడా పైకి పంపీమను."

తవిటయ్య పెసరట్టు సగంలో వదిలేసి ఆఫీసులోకి పరిగెత్తాడు. అతను పెసరట్టు వదిలెయ్యడం అదే మొదలు, అదే ఆఖరు.

పరాంకుశంగారు విని, కళ్ళజోడు సర్దుకున్నారు. "పదోన్నతి," అన్నారు మెల్లగా. "మనకింత సులభమైన పరిపాలనా మార్గం కళ్ళముందుండగా విచారణ దాకా ఎందుకు వెళ్ళామయ్యా కూర్మనాథం?"

"అలవాటు తప్పిందండి," అన్నారు కూర్మనాథంగారు.

టర్బోచార్జరుగారిని వాయు వ్యవహారాల సలహాదారుగా పదోన్నతి మీద తీసుకుంటూ ఉత్తర్వు వచ్చింది. మేనేజరుగారి గది పక్కనే ఒక గది, గుమ్మానికి తెర, బల్ల మీద గాజుపెట్టె. పెట్టెలో టర్బో. కారులో స్థానం ఖాళీ అయింది. కొత్త టర్బో అట్టపెట్టెలో వచ్చి విధుల్లో చేరింది. బాబ్జీ సన్నగొట్టం కూడా మార్చి, మడ్డంతా కడిగేసి, మంచి ఆయిలు పోశాడు. ఆయిలు ఫైలుగారు అప్పటికి సస్పెన్షనులో ఉండబట్టి అడ్డం చెప్పేవాళ్ళు లేకపోయారు. నిజంగానే పూటలో పని.

ఇదంతా పూర్తయ్యేసరికి ఆయుధపూజ వచ్చేసింది. బండిని కడిగి గేటు ముందు పెట్టారు. అరటి పిలకలు కట్టారు, బంతి దండలు వేశారు. తవిటయ్య కొత్త చొక్కా వేసుకుని సీట్లో కూర్చున్నాడు. పూజయ్యాక నిమ్మకాయల మీంచి బండి నడిపి, అటునుంచి అటే ఘాటీ ఎక్కించెయ్యాలని అతని ఆశ.

సరిగ్గా అప్పుడు కూర్మనాథంగారు ఒక కాగితం తెచ్చి కిటికీలోంచి అందించారు. హెడ్డాఫీసు వారు వాహనాల లెక్క బండి షెడ్డులో ఉన్నప్పుడే తీసేసుకున్నారు. వాళ్ళ లెక్కలో బండి లేదు. కావున తవిటయ్య మిగులు సిబ్బంది. పండగ వెళ్ళగానే గోడౌనులో చేరవలెను.

"బండి ఇక్కడున్నాది గదా బాబూ. నాను దాన్లోనే కూకునున్నాను."

"ఉన్నది నిజమే. లెక్క అంతకన్నా ముందరిది. నీకు నోటీసు, విచారణ అక్కర్లేదు కనక పని తొందరగా తెమిలింది. దిగు నాయనా, వేరే డ్రైవరును పిలుస్తాం."

తవిటయ్య దిగలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని చుట్టూ చూశాడు. బడ్డీ దగ్గర నూకాలు చేతిలో అట్లకాడతో నిలబడిపోయింది. ఈసారి ఎగతాళి చెయ్యలేదు. ఆవిడ ఎగతాళి చెయ్యకపోవడం చూసి అతనికి భయం వేసింది.

పంతులుగారు కుంకం పళ్ళెంతో వస్తున్నారు. చక్రాలకి బొట్టు పెట్టారు. దీపాలకి పెట్టారు. బానెట్టెత్తించి కొత్త టర్బోకి పెట్టారు. తలుపు తీసి స్టీరింగుకి పెట్టారు. అక్కడితో అయిపోయిందని వెనక్కి తిరగబోతుంటే, తవిటయ్య తల బయటికి పెట్టి నుదురు ముందుకి చాపాడు.

"పంతులుగోరూ, ఇది మిగిలిపోనాది."

"నువ్వు బండిలో భాగమా ఏమిటోయ్?"

"నాను తొక్కకపోతే టర్బో తిరుగుద్దేటండి? నాను తిప్పకపోతే స్టీరింగు తిరుగుద్దేటి? విడిగా నాను దేనికీ పనికిరానండి. కావలిస్తే మా ఆడదాన్నడగండి."

"ఆ మాట నిజం పంతులుగోరూ," అంది నూకాలు బడ్డీ దగ్గర్నుంచే.

పంతులుగారు పళ్ళెం ఎడమచేతికి మార్చుకున్నారు. మధ్యవేలితో ఇంత కుంకం తీసి నుదుటి మధ్య పెట్టేశారు.

కూర్మనాథంగారు నోరు తెరిచి, రూలు గుర్తొచ్చి, మూసుకున్నారు. పరాంకుశంగారు అక్కడికక్కడే చిన్న సమావేశం పెట్టారు. బొట్టు అందరి సమక్షంలో, ముహూర్తంలో పడింది. బొట్టు పడిన భాగం ఉద్యోగితో సమానం. భాగాన్ని వాహనం నుండి విడదియ్యాలంటే నోటీసు, విచారణ, సహాయకుడు, మెత్త వేసిన కుర్చీ. ఇవన్నీ తలుచుకుని ఆయన నీరసపడిపోయారు.

"తవిటయ్యను, క్షమించాలి, తవిటయ్యగారిని, వాహనంలో విడదీయరాని భాగంగా గుర్తించడమైనది," అన్నారు.

నిమ్మకాయలు చితికాయి. టర్బో సన్నగా విజిల్ అందుకుంది. కారు అరటి పిలకలతో సహా ఘాటీ ఎక్కేసింది. కొండమీద సంత రోజు కాకపోయినా జనం బుట్టలెత్తుకుని పరిగెత్తుకొచ్చి, వచ్చింది గోరింక కాదని చూసి, దానికి కూడా సంతోషించారు.

తవిటయ్య ఉద్యోగం ఇప్పుడు ఎంత గట్టిదంటే, మేనేజర్లు మారుతున్నారు గానీ అతను మారడు. చిన్న చిన్న ఇబ్బందులు లేకపోలేదు. ఎప్పుడు సర్వీసింగుకి వెళ్ళినా బాబ్జీ గ్రీజు గన్ను పట్టుకుని, "ఎక్కడ కొట్టమంతావు బావా?" అని ఆత్రంగా అడుగుతాడు. బండిలో భాగం కాబట్టి సాయంత్రం ఆఫీసు దాటాలంటే గేటు పాసు కావాలి. నూకాలు వచ్చి, సదరు భాగం మంచి స్థితిలో అందిందని సంతకం పెట్టి ఇంటికి తీసుకుపోవాలి. పొద్దున్న తెచ్చి అప్పగించాలి. ఆవిడ అయిదో తరగతి దాకా చదువుకుంది. ఒకరోజు ఊరుకోక, సంతకం కింద ఒక ముక్క అదనంగా రాసింది. "రాత్రులు నిద్దట్లో విజిలేస్తంది. పరీక్ష చెయ్యగలరు."

కూర్మనాథంగారు రాసిందాన్ని రాసినట్టు చదివే మనిషి. మర్నాడే తవిటయ్యకి నోటీసు వచ్చింది. విధులు లేని వేళల్లో, నివాస ప్రాంతంలో, అనుమతి లేకుండా విజిల్ వేయుట.

తవిటయ్య ఏమీ బెదరలేదు. సహాయకుడిగా ఎవరు కావాలంటే, తనతో పనిచేసినవారు, ఇప్పుడు సలహాదారులు అయిన పాత టర్బోగారే కావాలన్నాడు. గాజుపెట్టె తెచ్చి పక్కన పెట్టారు. విచారణ ఇంకా నడుస్తూనే ఉంది. ఇప్పటిదాకా సహాయకులవారు ఒక్క తప్పు మాట కూడా మాట్లాడలేదు.